లైనక్స్ సిస్టమ్ ఫైవ్ మెసేజ్ క్యూ: ఏళ్ల తరబడి వాడాక

ఒకే మెషిన్‌లో నడిచే ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల) మధ్య చిన్న చిన్న మెసేజ్‌లు పంపడానికి ఏళ్లుగా ఈ సిస్టమ్ ఫైవ్ మెసేజ్ క్యూనే వాడుతున్నాను. పైకి పాత సరుకులా కనిపిస్తుంది కానీ, కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) సోర్స్‌లో దీని స్ట్రక్చర్ చదివాక నాకు గౌరవం పెరిగింది.

అందులో ముఖ్యమైనవి మూడు లిస్టులు. ఒకటి క్యూలో ఉన్న మెసేజ్‌లది. రెండోది మెసేజ్ కోసం నిద్రలో ఎదురుచూసే ప్రాసెస్‌లది. మూడోది క్యూ నిండి, పంపలేక ఆగిపోయినవాటిది. వీటితో పాటు ఎన్ని మెసేజ్‌లున్నాయి, ఎన్ని బైట్లు, పరిమితి ఎంత, చివరిసారి ఎవరు పంపారు, ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు అనే లెక్కలు. అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. నాకు బాగా నచ్చింది రెండో లిస్టు. ఆ రకం మెసేజ్ కోసం అప్పటికే ఎవరైనా కాచుకుని ఉంటే, వచ్చింది క్యూలోకి ఎక్కకుండానే నేరుగా వాళ్ల చేతికి వెళ్తుంది.

ప్రతి మెసేజ్‌కీ టైప్ నంబర్ ఉండటం ఇంకో సుఖం. ఒకే క్యూలో నాలుగు రకాల పనులు పెట్టి, ఎవరికి కావలసింది వాళ్లు ఏరుకోవచ్చు. నెగటివ్ నంబర్ ఇస్తే ఆ హద్దు లోపల అన్నిటికంటే చిన్న టైప్ ముందు వస్తుంది, అంటే ప్రయారిటీ ఉచితం! పూర్తిగా ఉచితం కాదులెండి, కావలసిన టైప్ కోసం కెర్నెల్ లిస్టును మొదటినుంచి వెతుక్కుంటూ పోవాలి. క్యూ పొడవైతే ఆ తేడా తెలుస్తుంది.

ఇక చిరాకులు. డిఫాల్ట్‌గా ఒక మెసేజ్‌కి 8192 బైట్లు, మొత్తం క్యూకి 16384. పెద్ద మెసేజ్‌లు రెండు పడితే చాలు, మూడోది పంపబోయిన ప్రాసెస్ నిద్రలోకి జారుకుంటుంది. నో వెయిట్ ఫ్లాగ్ పెడితే ఎర్రర్ వస్తుంది, కనీసం విషయం తెలుస్తుంది. ఆ పరిమితిని సిస్‌కంట్రోల్‌లో (కెర్నెల్ సెట్టింగులు మార్చే చోట) పెంచుకోవడం మొదటి రోజే చేయాల్సిన పని. ప్రోగ్రామ్ చచ్చిపోయినా క్యూ మాత్రం బతికే ఉంటుంది. మనం చేత్తో తీసేయాలి, లేదా రీబూట్ చేయాలి. టెస్ట్ సర్వర్‌లో, ఉన్న క్యూల జాబితా చూపించే ఐపీసీఎస్ కమాండ్ కొడితే దిక్కులేని క్యూలు బారులు తీరి కనిపిస్తాయి.

అసలు లోటు వేరే ఉంది. ఇది ఫైల్ డిస్క్రిప్టర్ (తెరిచిన ఫైల్, సాకెట్ లాంటివాటికి కెర్నెల్ ఇచ్చే నంబర్) కాదు కాబట్టి, అలాంటివాటిని చాలావాటిని ఒకేసారి కనిపెట్టే ఈపోల్‌లో పెట్టలేం. సాకెట్లు, టైమర్లు, క్యూ అన్నీ ఒకే లూప్‌లో చూడాలంటే దీనికో థ్రెడ్ అదనంగా కేటాయించాల్సిందే. 2.6.6 కెర్నెల్‌తో వచ్చిన పోసిక్స్ (యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణం) క్యూకి లైనక్స్‌లో ఆ బాధ లేదు. కాకపోతే దాని డిఫాల్ట్ పరిమితి 10 మెసేజ్‌లే, పైగా టైప్‌ని బట్టి ఏరుకునే వీలుండదు. కొత్తగా రాస్తే నేను దానికే వెళ్తాను. టైప్‌ల మీద ఆధారపడి నడుస్తున్న పాత కోడ్‌ని మాత్రం కదిలించను.