నల్ల గ్రానైట్ దగ్గర ఆగిపోయే రోబో వాక్యూమ్: రెండేళ్లు వాడాక

ఒంగోలులో మా ఇల్లు రోడ్డు పక్కనే. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ దుమ్ము. అందుకే తనంతట తానే తిరుగుతూ ఊడ్చే ఈ రోబో వాక్యూమ్ కొన్నాం. పొడి దుమ్ము, మంచం కింద చెత్త బాగానే తీస్తుంది. తడిగుడ్డ సదుపాయం పేరుకే, వంటగదిలో నూనె మరక దానివల్ల కాదు. గడప దాటలేదు, మనమే ఎత్తి పెట్టాలి.

అసలు సంగతి వేరే ఉంది. మా హాలు అంచంతా చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పట్టీ. అక్కడికి రాగానే మిషన్ ఆగి వెనక్కి తిరుగుతుంది. మెట్ల మీంచి పడకుండా అడుగున సెన్సర్లుంటాయి. అవి ఇన్‌ఫ్రారెడ్ కాంతిని నేల మీదికి పంపి, తిరిగొస్తోందో లేదో చూస్తాయి. నల్లరాయి ఆ కాంతిని చాలావరకు మింగేస్తుంది కాబట్టి అక్కడ నేలే లేదనుకుంటుంది. కొత్తలో మా అత్తయ్య "ఇంత డబ్బు పోసి మొద్దు సరుకు తెచ్చారు" అని సణిగేవారు. ఒకరోజు మా పాప దాని మూత మీద రెండు నల్ల బొట్టుబిళ్లలు కళ్లలా అంటించింది. అంతే! అదే రాయి దగ్గర అలాగే ఆగితే, "పాపం, బిడ్డ భయపడుతోంది" అంటూ ఆవిడే ఎత్తి ఇవతల పెడుతున్నారు. (మిక్సీ ఆగితే మాత్రం నెత్తిన ఒక్కటిస్తారు.)

1944లో హైడర్, సిమెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు త్రిభుజాలు, ఒక వృత్తం కదిలే చిన్న ఫిల్మ్ చూపిస్తే, చూసినవాళ్లలో దాదాపు అందరూ వాటిని మనుషుల్లా ఊహించుకుని కథ చెప్పారు. ముఖమే లేని బొమ్మలకే అంత అల్లితే, కళ్లున్నదాన్ని వదులుతామా?

పక్కింటి పిన్ని "నన్నే చూస్తోందమ్మా" అని కొంగు సర్దుకున్నారు. గదిని కొలిచేది పైన తిరిగే లేజర్ బుడిపె. దాని వంక ఆవిడ చూడనే లేదు. మాది కెమెరా లేని మోడల్. కెమెరా ఉన్నది కొంటే ఆ దృశ్యాలు ఎక్కడికి వెళ్తాయో ముందే కనుక్కోండి.

ఈ ముద్దు వల్ల నష్టమూ ఉంది. బ్రష్‌కు వెంట్రుకలు చుట్టుకుని ఆగిపోతే "అలసిపోయింది, పడుకోనీ" అని అత్తయ్య చార్జింగ్‌లో పెట్టేస్తారు. కళ్లు లేనప్పుడు వెంటనే తిరగేసి చూసేవారు. సంక్రాంతికి ముగ్గుపిండితో ఫిల్టర్ మూసుకుపోయినా అదే జాలి.

నేలంతా నల్లరాయి ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు. అడుగు సెన్సర్లకు టేపు వేస్తే రాయి దాటుతుందంటారు గానీ, మాది మేడమెట్లున్న ఇల్లు, వేయలేదు. కళ్లు అంటించే సరదా ఉంటే మూత మీదే అంటించండి, బుడిపె మీదా ముందు బంపర్ మీదా వద్దు.

నా మార్కులు అయిదుకు మూడున్నర. మా అత్తయ్యనడిగితే అయిదుకు ఆరు.