హాల్లో పెట్టుకోవడానికి పెద్ద నల్లపాము: షాపులో చూసినవి, పాలమూరు ఎండకు ఆగేది

మొదటే ఒక మాట. నల్లపాము అనగానే మన దగ్గర నల్లత్రాచో, బాగా పెరిగిన జెర్రిపోతో గుర్తొస్తుంది, నల్లమల దగ్గరే కాబట్టి "పట్టి తెచ్చిస్తం అన్నా" అనేవాళ్లు కూడా అక్కడక్కడా తగులుతారు. వాళ్ల జోలికి పోవద్దు. త్రాచు, జెర్రిపోతు, కొండచిలువ మూడూ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, ఇంట్లో పెట్టుకుని దొరికితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. అడవిలో తిరిగిన పాము తొట్టిలో తిండి మానేసి చచ్చిపోవడం ఇంకో పాపం.

మా బావ మహబూబ్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకున్నాడు, హాల్లో గోడ పొడుగునా అద్దాల తొట్టి పెట్టి అందులో పెద్ద నల్లపామును పెంచాలని కోరిక. హైదరాబాద్‌లో విదేశీ జంతువులు అమ్మే ఒక షాపుకు ఇద్దరం పోయి చూశాం. షాపుకు ఐదుకి మూడు ఇస్తా. పాములు శుభ్రంగా ఉన్నాయి, అడగ్గానే మా ముందే తిండి పెట్టి చూపించారు, ఏ పాము ఎప్పుడు తిన్నదో, ఎప్పుడు కుబుసం విడిచిందో రిజిస్టర్‌లో రాసి పెట్టారు. మార్కులు ఎందుకు తగ్గాయో కింద చెప్తా.

అక్కడ నల్లవి రెండు రకాలు ఉన్నాయి. ఒకటి బ్లాక్ మిల్క్ స్నేక్, ఆరడుగులకు దగ్గరగా, తల నుంచి తోక దాకా నలుపే. బావ దాని ముందు నుంచి కదల్లేదు. ఈ పాము పిల్లగా ఉన్నప్పుడు ఎరుపు, నలుపు, తెలుపు పట్టీలతో ఉంటుంది, పెరిగేకొద్దీ నలుపు కమ్ముకుంటుంది, అందుకే పెద్దదాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. కానీ ఇది కోస్టారికా, పనామా కొండల్లో బతికేది, సముద్రమట్టానికి పదిహేను వందల మీటర్లకు పైన, ఎప్పుడూ మబ్బు పట్టి చల్లగా ఉండే చోట. వేడి ముప్పై డిగ్రీలు దాటితే దానికి కష్టం. మన పాలమూరులో, నల్లగొండలో ఏప్రిల్, మే నెలల్లో ఇంటి లోపలే ముప్పై ఎనిమిది ఉంటుంది. ఈ మాట అంటే షాపు అబ్బాయి "ఏం కాదన్నా, అలవాటు పడ్తది" అన్నాడు. పడదు. పాముకు చెమట పట్టదు, ఒళ్లు చల్లబరుచుకోవాలంటే చల్లటి చోటుకు పోవడమొక్కటే దారి, తొట్టి మొత్తం వేడెక్కితే ఇంకెక్కడికి పోతుంది? ఇక్కడ ఒక మార్కు పోయింది.

రెండోది మెక్సికన్ బ్లాక్ కింగ్ స్నేక్. మూడు నుంచి నాలుగు అడుగులు, అంతకంటే పెద్దగా ఎదగడం తక్కువ, బావకు మొదట నచ్చలేదు. నా ఓటు మాత్రం దీనికే. సొనోరా ఎడారి వైపు పాము, పొడి గాలికి అలవాటుపడ్డది, విషం లేదు, సరిగ్గా చూసుకుంటే ఇరవై ఏళ్లు బతుకుతుంది. హాల్లో పెట్టాలంటే పొడుగు కంటే పాము బయటికి కనపడడం ముఖ్యం, ఇది తొట్టంతా తిరుగుతూ అద్దం దాకా వస్తుంది. ఒక్కటే జాగ్రత్త, ఇది సాటి పామును కూడా మింగుతుంది. ఆ షాపులో రెండు కింగ్ స్నేక్ పిల్లల్ని ఒకే డబ్బాలో పెట్టారు, అది చూసి నాకు నిజంగా కోపం వచ్చింది, అక్కడే చెప్పాను, వేరు చేశారు. రెండో మార్కు అక్కడ పోయింది.

"ఇంకా పెద్దది కావాలంటే ఇండిగో తెప్పిస్తా" అని కూడా అన్నారు. ఈస్టర్న్ ఇండిగో అమెరికాలో ఎనిమిదడుగులు దాటే పాము, అందంలో దానికి సాటి లేదు, కానీ 1978 నుంచి అక్కడి చట్టం కింద రక్షణలో ఉంది. అలాంటిది ఇక్కడికి తెప్పిస్తామంటే అది ఏ దారిన వస్తుందో ఆలోచించండి. వద్దు.

తొట్టి విషయానికొస్తే కనీసం నాలుగడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, తప్పకుండా తాళం ఉండాలి. కింగ్ స్నేక్ చిన్న సందు దొరికినా జారిపోతుంది, నల్లపాము కనబడిందంటే వీధిలో కర్ర పట్టుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. థర్మోస్టాట్ ఉంటే వేడి గురించి టెన్షన్ లేదని షాపువాళ్లు చెప్తారు గానీ అది హీటర్‌ను ఆపుతుంది అంతే, గదిని చల్లబరచదు. ఒక మూల ముప్పై, ఇంకో మూల ఇరవై ఐదు ఉండాలంటే ఎండాకాలం ఆ గదికి ఏసీ కావాలి, మామూలు ఇన్వర్టర్ మీద ఏసీ నడవదు కాబట్టి కరెంటు పోతే ఏం చేయాలో ముందే ఆలోచించుకోవాలి. కూలర్ పెట్టొద్దు, ఆ తేమ ఎడారి పాముకు పడదు. పడమటి గోడకు తొట్టి అసలు ఆనించొద్దు.

నలుపు కనబడాలంటే వెనక నల్ల బ్యాక్‌గ్రౌండ్ వద్దు. అడుగున లేత రంగు చెక్కపొట్టు వేసి, మన షాబాద్ బండ ముక్క ఒకటి పెట్టి, లైటు పక్క నుంచి పడేలా చేస్తే ఒంటి మీద నీలి మెరుపు తేలుతుంది. కుబుసం విడిచే ముందు కళ్లు పాలు కమ్మినట్టై, ఒళ్లు మసకబారుతుంది, అప్పుడు చుట్టాలకు చూపించాలని బయటికి తీయొద్దు.

నల్లపాముతో ఇంకో చిక్కు, ఒంటి మీద పురుగులు కనపడవు. కొనేముందు తెల్లటి టిష్యూతో మెల్లగా తుడిచి చూడండి, నల్ల చుక్కలు అంటుకుంటే తీసుకోవద్దు. నీళ్ల గిన్నె అడుగున కూడా చూడండి.

ఇక కాగితాలు. బాల్ పైథాన్ లాంటి సైటిస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) జాబితా పాములకైతే 2024లో వచ్చిన రూల్స్ ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ తప్పనిసరి, పాము చేతులు మారితే అది కూడా నమోదు కావాలి. కింగ్ స్నేక్ ఆ జాబితాలో లేదు, అయినా అది ఎక్కడ పుట్టిందో, ఎవరి నుంచి వచ్చిందో కాగితం మీద ఉండాల్సిందే, రేపు ఫారెస్టువాళ్లు వచ్చి అడిగితే చూపించడానికి ఇంకేం ఉంటుంది? మాకు ఇవ్వబోయిన బిల్లు మీద పాము పేరే లేదు, "పెట్ సామాను" అని రాశారు. జాతి పేరు, పుట్టిన ఏడు, బ్రీడర్ వివరం రాసిస్తేనే డబ్బు ఇస్తానని బావ అడ్వాన్స్ కూడా ఇవ్వకుండా వచ్చేశాడు.