ఎద కనిపెట్టడమా, ఓవ్‌సింక్ సూదులా?
పొద్దున ఆవులో ఎద (చూడి కట్టడానికి సిద్ధంగా ఉండే దశ) కనబడితే సాయంత్రం ఇన్‌సెమినేషన్, అంటే కృత్రిమ గర్భధారణ. 1940ల్లో అమెరికాలోని నెబ్రాస్కా యూనివర్సిటీలో ట్రింబర్గర్ చేసిన పరిశోధన నుంచి వచ్చిన ఈ లెక్క ఇప్పటికీ పనిచేస్తుంది, హార్మోన్ల ఖర్చూ లేదు. కానీ రోజుకు రెండు మూడుసార్లు ఎవరో ఒకరు ఓపిగ్గా ఆవుల్ని గమనించాలి. ఎక్కువ పాలిచ్చే ఆవుల్లో ఎద కొన్ని గంటలే ఉంటుంది, అది రాత్రిపూట వచ్చి పోయిందంటే ఇంకో 21 రోజులు ఆగాల్సిందే, అన్నాళ్లూ మేత ఖర్చు మనదే.

విస్కాన్సిన్ యూనివర్సిటీ వాళ్లు 1995లో ప్రకటించిన ఓవ్‌సింక్ అనే హార్మోన్ సూదుల పద్ధతితో ఈ కాపలా తప్పింది. మొదట జీఎన్‌ఆర్‌హెచ్ (అండం విడుదల చేయించే హార్మోన్) సూది, ఏడు రోజులకు ప్రోస్టాగ్లాండిన్ (మళ్లీ ఎదకు తెచ్చే హార్మోన్), ఆ తర్వాత సుమారు 56 గంటలకు మళ్లీ జీఎన్‌ఆర్‌హెచ్, ఇంకో 16 గంటలకు ఇన్‌సెమినేషన్. అండం ఎప్పుడు విడుదలవుతుందో ముందే తెలుస్తుంది కాబట్టి ఎద కనబడకపోయినా టెన్షన్ లేదు. ఒక్క సూది తప్పితే మాత్రం శ్రమంతా వృథా.

వందల ఆవులున్న డెయిరీకి నేనైతే ఓవ్‌సింకే అంటాను. ఇంటి దగ్గర రెండు ఆవులుంటే కళ్లే చాలు. మన గేదెల్లో మూగ ఎద (లక్షణాలు బయటికి కనబడని ఎద) ఎక్కువ, వాటి విషయంలో డాక్టర్‌ని అడగండి. బక్కచిక్కిన పశువుకైతే ముందు మేత సరిచేయండి.