ఏడేళ్ల బేస్ రికార్డర్, ఒక్క నీటిబొట్టు

రికార్డర్ అనగానే టేపు రికార్డర్ గుర్తుకొచ్చేవారికి ముందే చెబుతున్నాను, ఇది నిలువుగా పట్టుకుని ఊదే చెక్క వాద్యం. ఎన్ని రంధ్రాలు, ఎన్ని మీటలు, ఏ చెక్క అనే వివరాలు ఎక్కడైనా దొరుకుతాయి, వాటి జోలికి పోను. నా గోడు అంతా బేస్ రికార్డర్, అంటే కింది స్థాయి స్వరాలు పలికే పెద్ద రికార్డర్, తలపైన ఎస్ అక్షరంలా వంగి ఉండే లోహపు గొట్టం గురించే. ఏడేళ్లుగా దానితో కాపురం చేస్తున్నాను కనుక తిట్టే హక్కు సంపాదించుకున్నాననే అనుకుంటున్నాను.

మా బృందంలో ఐదుగురం, వేర్వేరు పరిమాణాల రికార్డర్లు వాయిస్తాం. అన్నిటికన్నా పై స్వరాలకు సొప్రానో, దాని కింద ఆల్టో, మధ్యలో రెండు టెనర్లు, అడుగున బేస్‌తో నేను. కొత్తలో ఈ గొట్టాన్ని తెగ మెచ్చుకున్నాను. బేస్ దాదాపు మీటరు పొడవుంటుంది. తలకే నేరుగా నోరానించి ఊదే రకమైతే అడుగు రంధ్రాలు ఎక్కడో మోకాళ్ల దగ్గరికి పోతాయి. నా చేతులు పొట్టివి. గొట్టం పైనుంచి వంగి నోటి దగ్గరకు దిగుతుంది కనుక వాద్యం ఆ మేరకు పైకి జరుగుతుంది, వేళ్లకు రంధ్రాలు అందుతాయి. మెడ నొప్పి లేదు, భుజం నొప్పి లేదు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ గొట్టం ఉన్నదే కొనమని చెప్పాను. ఆ మాట వెనక్కి తీసుకోను గాని, అంత గట్టిగా చెప్పి ఉండకూడదు.

రెండో ఏడు ఒక చిన్న కచేరీ. ఆంగ్ల స్వరకర్త ఆంథొనీ హోల్‌బోర్న్ 1599లో అచ్చువేసిన ఐదు గొంతుల నృత్య సంగీతంలోంచి ఒక పావన్ వాయిస్తున్నాం. పావన్ మెల్లగా నడిచే నృత్యం. దాని మూడు భాగాలనూ ఒక్కొక్కటి రెండుసార్లు వాయిస్తారు. బేస్‌కు అందులో హడావిడి ఉండదు. పొడవాటి స్వరాలు పట్టుకుని, మిగతా నలుగురూ శ్రుతి చూసుకోవడానికి నేలలా పడి ఉండాలి. హాలు చల్లగా ఉంది. మూడో భాగం రెండోసారి వాయిస్తుండగా నా స్వరం బొంగురుపోయింది. కొంచెం గట్టిగా ఊదాను, శ్రుతి పైకి లేచింది. ఇంకా ఊదితే పై స్థాయిలోకి ఎగిరి కీచుమంది, ఆ తర్వాత గాలి తప్ప ఏమీ లేదు. అందరి స్వరాలూ ఒకేసారి కలిసి పలికే చివరి మేళనానికి నేను జి స్వరం పట్టుకోవాలి, నాపైన టెనర్ డి స్వరం పట్టుకుంటుంది. నా జి మాయమైతే అడుగున మిగిలింది ఆ డి ఒక్కటే. ముగియవలసిన పాట ఇంకేదో రావలసి ఉన్నట్టు గాలిలో వేలాడింది. వాయించిన నలుగురిలో ఒక్కరూ తప్పు చేయలేదు. శ్రోతలు ఒక క్షణం ఆగి, సందేహిస్తూనే చప్పట్లు కొట్టారు. ఆ ఒక్క క్షణం నాకు ఇప్పటికీ వినిపిస్తుంటుంది.

గొట్టం తీసి బోర్లిస్తే మూడు చుక్కలు పడ్డాయి. జరిగింది ఇంతే. వెచ్చని ఊపిరి చల్లని లోహాన్ని తాకి నీరవుతుంది. గొట్టం పై వంపులో చేరిన ఆ నీరు బరువెక్కాక ఒక్కసారిగా జారి, తల లోపలి గాలిదారిలోకి దిగుతుంది. ఆ దారి ఎత్తు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ. అంత సందుకు బొట్టు చాలు. సొప్రానోలోనూ నీరు చేరుతుంది, కాని కొద్దికొద్దిగా చేరుతూ ముందే గొంతు మార్చి హెచ్చరిస్తుంది. గొట్టం అలా కాదు, దాచిపెట్టి దాచిపెట్టి ముహూర్తం చూసి వదులుతుంది.

అప్పటినుంచి నాకొక తంతు ఏర్పడింది. వాయించే ముందు తలభాగాన్ని పావుగంట ఒళ్లో పెట్టుకుని వెచ్చబెడతాను. నీళ్లలో గిన్నెలు తోమే ద్రవ సబ్బు రెండు చుక్కలు కలిపి గాలిదారిలోకి పోసి ఆరనిస్తాను. అలా చేస్తే నీరు బొట్టుగా నిలవకుండా పలచగా పరుచుకుని జారిపోతుంది. పాటకూ పాటకూ మధ్య గొట్టం ఊడదీసి, దారం కట్టిన గుడ్డను అందులోంచి లాగుతాను. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ చనిపోయాక 1547లో రాసిన ఆస్తుల జాబితాలో 76 రికార్డర్లు ఉన్నాయట. అన్నింటినీ తుడిచిన మనిషి ఎవరో గాని ఆయనకు నా సానుభూతి. మూడో ఏడు తలలోని దేవదారు బిరడా తడికి ఉబ్బితే తయారీదారుకు పంపి కాస్త చెక్కించాను. అది ఏ చెక్క రికార్డర్‌కైనా తప్పదు, గొట్టం మీద వేయను.

గొట్టం మీద వేయదగ్గ నేరం ఇంకొకటుంది, అది తెలియడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. నాలుకకూ గాలిదారికీ మధ్య అంత దూరం ఉండేసరికి స్వరం మొదలుపెట్టేందుకు నాలుకతో 'తు', 'దు' అని కొట్టిన దెబ్బ మెత్తబడి చేరుతుంది. పావన్‌లో అది అందమే. టీల్‌మన్ సుసాటో 1551లో అచ్చువేసిన నృత్యాల్లాంటి చురుకైనవి వాయిస్తే మాత్రం మిగతావాళ్ల అడుగు పడ్డాక నా అడుగు పడుతున్నట్టుంటుంది. నేరుగా ఊదే బేస్‌ను ఒకసారి అరువు తీసుకుని వాయించాను, ప్రతి స్వరమూ గోరుతో మీటినట్టు పలికింది. పది నిమిషాలకు మణికట్టు లాగింది, తిరిగి ఇచ్చేశాను.

ఇంతకీ కొనమంటారా అంటే, నా సంగతి వేరు. పొట్టి చేతులు, వారానికి ఒక సాధన, ఎక్కువగా నిదానపు పాటలు. ఇప్పుడు కచేరీలో చెప్పాపెట్టకుండా నీరు జారేది కూడా ఏడాదికి ఒకటి రెండుసార్లే. అడుగు ఎఫ్ స్వరం వాద్యం బాగా వెచ్చబడ్డాక గాని నిండుగా పలకదు, కాని పలికిన రోజున పై నలుగురి గొంతులూ వచ్చి దాని మీద కూర్చుంటాయి. చేతులు పొడవైనవాళ్లు, చురుకైన నృత్యాలు ఇష్టపడేవాళ్లు ముందు నేరుగా ఊదే రకాన్ని ఒక గంటైనా పట్టుకుని చూడండి. నేనైతే ఈ గొట్టంతోనే ఉంటాను, తిడుతూనే.