హాలోవీన్ రాత్రికి ఏది మేలు: నాట్స్, యూనివర్సల్, డిస్నీ?

దక్షిణ కాలిఫోర్నియాలో వేసవి సెలవులు సగం గడవకముందే థీమ్ పార్కుల హాలోవీన్ పుకార్లు మొదలవుతాయి. యూనివర్సల్ వాళ్ళు ఈసారి ఏ సినిమా మీద దయ్యాల కొంప కడుతున్నారు, నాట్స్‌లో ఏ మేజ్ (నడుచుకుంటూ వెళ్ళే దయ్యాల దారి) ఎత్తేస్తున్నారు, డిస్నీలో కొత్త విలన్ ఎవరు అని ఒకటే చర్చ. కంచె సందులోంచి కనబడిన చెక్క గోడని పట్టుకుని కథలు అల్లేవాళ్ళు కూడా ఉంటారు. ఊహలు సరదాగానే ఉంటాయి కానీ టికెట్ డాలర్లలో కొనాలి. మూడు పార్కుల్లోనూ హాలోవీన్ రాత్రికి విడిగా టికెట్ తీసుకోవాల్సిందే, పగటి టికెట్ రాత్రికి పనికిరాదు. నలుగురున్న కుటుంబం ఒకే సీజన్లో మూడూ చూడాలంటే మాటలు కాదు.

నా మొగ్గు ముందే చెప్పేస్తాను. పెద్దవాళ్ళు జడుసుకోవడానికే వెళ్తుంటే నాట్స్‌కి వెళ్ళండి.

బ్యూనా పార్క్‌లోని నాట్స్ బెర్రీ ఫామ్ ఒకప్పుడు నిజంగానే తోట. వాల్టర్ నాట్ బాయ్‌సెన్‌బెర్రీలు పండించి రోడ్డు పక్కన అమ్మేవాడు. 1934లో ఆయన భార్య కార్డీలియా చికెన్ భోజనాలు పెట్టడం మొదలుపెట్టింది. తినడానికి వచ్చి గంటల తరబడి ఎదురుచూసే జనానికి కాలక్షేపంగా ఉంటుందని 1940లో ఘోస్ట్ టౌన్ (జనం వదిలేసిన పాత గనుల ఊరిలాంటి సెట్టు) కట్టడం ప్రారంభించారు. 1973లో అదే పార్కులో కాలికో మైన్ రైడ్‌నీ, లాగ్ రైడ్‌నీ దయ్యాల రైడ్‌లుగా మార్చి హాలోవీన్ ఈవెంట్ పెట్టారు. ఇవాళ అమెరికాలో పెద్ద పార్కులు చేస్తున్న హాలోవీన్ హడావుడికి దారి చూపింది అదే.

నాట్స్‌లో అసలు సరుకు మేజ్‌ల లోపల కన్నా బయట వీధిలోనే ఎక్కువ. పొగమంచు యంత్రాలు ఘోస్ట్ టౌన్‌ని పది అడుగుల దూరంలో ఏముందో తెలియకుండా కమ్మేస్తాయి. ఆ పొగలోంచి మోకాళ్ళకి లోహపు రేకులున్న ప్యాడ్‌లు కట్టుకున్న నటులు పరుగెత్తుకొచ్చి, నేల మీద నిప్పురవ్వలు లేచేలా జారుకుంటూ మీ కాళ్ళ దగ్గర ఆగుతారు. వాళ్ళని స్లైడర్లు అంటారు. ఇప్పుడు చాలా పార్కుల్లో ఈ విద్య కనబడుతుంది గానీ పుట్టిల్లు మాత్రం ఇదే. ఏటా తిరిగి వచ్చి అదే వేషం కట్టేవాళ్ళూ ఉన్నారు. గుంపులో ఎవరు బెదురుతున్నారో మన పగటివేషగాళ్ళలాగా ఇట్టే కనిపెట్టి, వాళ్ళ వెంటే పడతారు. ఇలాంటిది కొత్త సెట్టు వేసినంత మాత్రాన రాదు.

ఇక నాట్స్ మీద ఊహాగానాలు. ఇక్కడ ఒక మేజ్‌ని కొన్నేళ్ళు నడిపి, పాతబడ్డాక తీసేసి కొత్తది పెడతారు. కాబట్టి ఏటా కొత్తవి ఒకటో రెండో వస్తాయన్న మాట నమ్మొచ్చు. అసలు టెన్షన్ ఇంకోటి. 2024 జులైలో నాట్స్ మాతృసంస్థ సీడర్ ఫెయిర్, మరో పెద్ద పార్కుల కంపెనీ సిక్స్ ఫ్లాగ్స్‌తో విలీనమైంది. అదే ఏడాది సిక్స్ ఫ్లాగ్స్ తన హాలోవీన్ ఈవెంట్ ఫ్రైట్ ఫెస్ట్‌లోకి పేరున్న హారర్ సినిమాలని, సిరీస్‌లని తెచ్చింది. రేపు నాట్స్‌లోనూ ఘోస్ట్ టౌన్ పక్కన సినిమా బ్రాండ్ల మేజ్‌లు వెలుస్తాయని కొందరి అంచనా. వ్యాపారపరంగా చూస్తే అసాధ్యమేమీ కాదు. నా మట్టుకు నాకు అది వద్దు. సొంత కథలు చెప్పే పార్కు ఈ చుట్టుపక్కల ఇదొక్కటే మిగిలింది. దానికన్నా కాలికో మైన్ రైడ్‌ని మళ్ళీ రాత్రిపూట దయ్యాల గనిగా మారుస్తారన్న మాట నిజమైతే బాగుండు. పోస్టరు మీద వేసుకోవడానికి పెద్ద పేరేమీ ఉండదు కనుక ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, 1960 నాటి ఆ రైడ్‌లో చీకటీ ఇరుకూ ఎప్పటి నుంచో సిద్ధంగా ఉన్నాయి.

యూనివర్సల్ స్టూడియోస్ హాలీవుడ్ బలం వేరు. అది సినిమా స్టూడియో. సెట్టు వేయడంలో, మేకప్‌లో, లైటింగ్‌లో వాళ్ళకి వంక పెట్టలేం. తెర మీద చూసిన గది అచ్చంగా అలాగే కళ్ళముందుంటుంది. వాళ్ళ హాలోవీన్ హారర్ నైట్స్ ఫ్లోరిడాలోని ఆర్లాండో పార్కులో 1991లో ఫ్రైట్ నైట్స్ అన్న పేరుతో మూడు రాత్రుల ఈవెంట్‌గా మొదలై, మరుసటి ఏడాది ఈ పేరు తెచ్చుకుంది. హాలీవుడ్‌లో కరోనా ఏడాది తప్పిస్తే 2006 నుంచి ఆగకుండా జరుగుతోంది. ఇక్కడ ఏం రాబోతుందో ఊహించడం కూడా కొంత తేలికే. పెద్ద హిట్టయిన హారర్ సినిమా, కుర్రకారు ఆడే గేమ్, ఒక స్ట్రీమింగ్ సిరీస్ అనుకుంటే సగం జాబితా వచ్చేసినట్టే. ఒకే పేరు రెండు తీరాల్లోనూ వాడుకోవడం మామూలు. పేర్లు కూడా ఒకేసారి చెప్పరు, వేసవంతా ఒక్కొక్కటే వదులుతూ ఊరిస్తారు.

చిక్కేమిటంటే, ఆ సినిమా చూడనివాళ్ళకి అందులో సగం రుచి పోతుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలని తీసుకెళ్తే గోడ మీద రక్తం తప్ప వాళ్ళకి ఏమీ అర్థం కాదు. పైగా శనివారాల్లో క్యూలు భయంకరం. ఎక్స్‌ప్రెస్ పాస్ కొందామంటే అసలు టికెట్ మీద ఇంకో టికెట్ ఖర్చు. అయినా నేను టెర్రర్ ట్రామ్‌కి, అంటే ట్రామ్‌లో తీసుకెళ్ళి స్టూడియో సెట్ల మధ్య దింపి నడిపించే దానికి మాత్రం ఓటేస్తాను. హిచ్‌కాక్ 1960 నాటి ‘సైకో’ సినిమాకి వేసిన కొండ మీద ఇంటి ముందు అర్ధరాత్రి నడిచే అవకాశం ఇంకే పార్కూ ఇవ్వలేదు. కొత్త కొంపల గురించి వందమంది మాట్లాడతారు కానీ, ట్రామ్‌లో ఈ ఏడు ఏం మార్చారు అన్నదే నేను ముందు చూసే వార్త.

2025 మే నెలలో ఆర్లాండోలో తెరిచిన యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్‌లో పాత యూనివర్సల్ సినిమాల రాక్షసుల కోసం డార్క్ యూనివర్స్ అని ఒక భాగమే ఉంది. అదే ఏడాది ఆగస్టులో లాస్ వేగాస్‌లో ఏడాది పొడవునా నడిచే యూనివర్సల్ దయ్యాల కొంపల కేంద్రం హారర్ అన్‌లీష్డ్ మొదలైంది. దాంతో హాలీవుడ్ ఈవెంట్ చిన్నదైపోతుందని కొందరు బెంగపడుతున్నారు. నేనైతే నమ్మను. లాస్ ఏంజెలెస్ జనాన్ని ఎడారి దాటి రమ్మంటే ఎంతమంది వెళ్తారు?

డిస్నీ కాలిఫోర్నియా అడ్వెంచర్‌లో 2019 నుంచి జరిగే ఊగీ బూగీ బాష్‌ని ఈ రెండింటి సరసన పెట్టడమే అన్యాయం, ఎందుకంటే దాని ఉద్దేశం భయపెట్టడం కాదు. పిల్లలు వేషాలు వేసుకుని మిఠాయిలు పోగుచేసుకుంటూ దారి పొడవునా విలన్లతో మాట్లాడతారు. పెద్దవాళ్ళు కూడా వేషం వేసుకోవచ్చు. మిగతా రెండు చోట్లా వేషాలకి, ముసుగులకి అనుమతి లేదు. గుర్రమెక్కిన తలలేని రౌతుతో మొదలయ్యే ఊరేగింపు బాగుంటుంది. ఏటా జరిగే ఊహాగానమల్లా విలన్ల జాబితా గురించే, అందులో ఒకరిద్దరు మారినంత మాత్రాన రాత్రి రుచి మారదు. ఎనిమిదేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి ఇదే మేలు. పదమూడు నిండని పిల్లలకి తగదని యూనివర్సల్, నాట్స్ రెండూ చెబుతాయి, ఆ మాట వినడం మంచిది. మూడు రాత్రులు దీపం ఆర్పనివ్వని పిల్లలతో పడ్డ అమ్మలని అడగండి.

డిస్నీ ధర చూసి గుండె గుభేలుమంటే నాట్స్‌లోనే పగటిపూట స్పూకీ ఫామ్ ఉంటుంది. మామూలు టికెట్‌లోనే చిన్నపిల్లలకి సరిపడా హాలోవీన్. తాతయ్య, నాయనమ్మలు కూడా నీడపట్టున కూర్చుని హాయిగా చూడొచ్చు. శాకాహారులైతే చికెన్ భోజనం వదిలేసి బాయ్‌సెన్‌బెర్రీ పై దగ్గర ఆగండి.

టికెట్లు కొనే వరుస మాత్రం మొగ్గుని బట్టి కాకుండా లభ్యతని బట్టి పెట్టుకోవాలి. ఊగీ బూగీ వేసవిలోనే అమ్ముడైపోతుంది, విలన్ల పేర్లు తెలిసేదాకా ఆగితే దొరకదు. యూనివర్సల్‌కి కొంపల జాబితా పూర్తిగా వచ్చాక, మీకు తెలిసిన పేర్లు కనీసం మూడుంటేనే కొనండి. నాట్స్‌కి తొందరేమీ లేదు. సెప్టెంబరులో ఈవెంట్ మొదలైన తొలి రోజుల్లో, అందులోనూ గురువారమో ఆదివారమో చూసుకుంటే సరి. చాలా ఏళ్ళలో అప్పటికి దసరా పనులు కూడా ఇంకా మీద పడవు.