చీమకుర్తి గెలాక్సీ గ్రానైటుతో చదువుబల్ల: ఆరేళ్ల వాడకం తరువాత

ఒంగోలులో ఇల్లు కట్టుకునేవారు వంటగట్టుకో, మెట్లకో చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు వేయించడం మామూలే. మా వంటగట్టుకు కోయగా మిగిలిన నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ముక్కతో పిల్లల గదిలో చదువుబల్ల వేయించాము. అప్పటికి అమ్మాయి ఒకటో తరగతి. ఇప్పుడు ఏడు చదువుతున్నది, తమ్ముడూ దాని మీదే రాస్తున్నాడు. మన్నికలో ఆ రాయికి వంక పెట్టలేను గానీ, అద్దంలా పాలిష్ పట్టిన బండ మీద నేరుగా కాగితం పెట్టి రాయించమని మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను.

మన్నిక మా ప్రాంతంలో చిన్న విషయం కాదు. అక్టోబరు నుండి డిసెంబరు దాకా ఈశాన్య ఋతుపవనాల వానలకు గోడలు చెమ్మ పట్టి, పొట్టుతో చేసిన పార్టికల్ బోర్డు బల్లల అంచులు ఉబ్బిపోతాయి; చెక్క బల్లకైతే చెదల భయం తప్పదు. ఈ బండకు రెండు బాధలూ లేవు. సిరా ఒలికినా, కంపాస్ ముల్లుతో గీకినా గుర్తు కనబడలేదు. రోహిణీకార్తె ఎండల్లో మోచేతులకు చల్లగా ఉంటుంది. ధనుర్మాసంలో తెల్లవారుజామున చదవవలసివస్తే ఆ చల్లదనమే ఇబ్బంది పెడుతుంది.

అసలు చిక్కు మెరుపుతో వచ్చింది. గెలాక్సీకి ఆ పేరు తెచ్చిన బంగారు చుక్కలు అందులోని బ్రాంజైటు అనే ఖనిజానివి, చూడముచ్చటగానే ఉంటాయి. కానీ బల్లకు ఎదురుగా గోడ మీద ఎల్‌ఈడీ ట్యూబు బిగిస్తే, దాని ప్రతిబింబం తెల్లని చారలా రాతిలో కనబడి సరిగ్గా కూర్చున్నవారి కళ్లలో పడుతుంది. పైగా నల్లని బండ పక్కన తెల్లని పుస్తకం ఉన్నప్పుడు చూపు ఒకదాని మీదనుండి ఇంకొకదాని మీదికి మారిన ప్రతిసారీ కళ్లు సర్దుకోవలసివస్తుంది. ట్యూబును ఎడమ గోడకు మార్చి, బండ మీద లేత గోధుమరంగు రెగ్జిన్ పరిచాక అమ్మాయి కళ్లు నులుముకోవడం తగ్గింది. ఆ రెగ్జిన్ వల్ల మరొక మేలు కూడా జరిగింది: గట్టి రాతి మీద ఒక్క కాగితం పెట్టి రాస్తే బాల్‌పెన్ జారిపోయి అక్షరం కుదరదు, కింద కాస్త మెత్తదనం ఉండాలి. కొత్తగా వేయించుకునేవారు పాలిష్‌కు బదులు మెరుపు లేని నున్నటి హోన్ ఫినిష్ అడగడం మంచిది. లెదర్ ఫినిష్ అందంగా ఉన్నా దాని గరుకు రాతకు అడ్డుపడుతుంది.

బల్లను తూర్పు గోడకు వేయించినది మా అత్తగారి పట్టుదల మీద. తూర్పుముఖంగా కూర్చుంటేనే చదువు అబ్బుతుందని ఆమె నమ్మకం. వాస్తు సంగతి ఎలా ఉన్నా, ఉత్తరపు కిటికీ అమ్మాయికి ఎడమచేతి వైపు వచ్చింది. ఉత్తరపు కిటికీలోంచి వేసవి నెలల్లో తప్ప నేరుగా ఎండ పెద్దగా పడదు, కుడిచేతితో రాసేవారికి చేతి నీడ అక్షరాల మీద పడదు. తమ్ముడిది ఎడమచేతివాటం కాబట్టి వాడికి ఈ అమరిక తిరగబడింది. బల్ల కుడి చివర 9 వాట్ల బల్బుతో ఒక టేబుల్ లైటు పెట్టవలసివచ్చింది.

బండను గోడకు గాడి కొట్టి 28 అంగుళాల ఎత్తున నిలిపారు కాబట్టి ఆ ఎత్తు ఇక మారదు, కుర్చీయే మారాలి. భుజాలు పైకి లేవకుండా మోచెయ్యి బల్ల మట్టానికి రావాలి, పాదాలు ఆనాలి. ఈ రెండూ కుదరడానికి ఎత్తు మార్చుకునే కుర్చీ కొని, చక్రాలు తీయించి, కాళ్ల కింద పీట వేశాము. అమ్మాయి ఎదిగిన కొద్దీ కుర్చీని దించుతూ వచ్చాము, ఇప్పుడు ఆమెకు పీట అవసరం లేదు. పెద్దల కుర్చీలో కాళ్లు వేలాడేసుకుని కూర్చున్న పిల్ల గంటసేపు కుదురుగా చదవాలనడం అన్యాయం.

ఫ్యాను గాలికి ఈ నున్నని రాతి మీద కాగితాలు తొందరగా జారిపోతాయి. గాజు గ్లాసు పడితే పగలక మానదు.

అద్దె ఇళ్లలో ఉండేవారికి ఇది పనికిరాదు. గోడకు గాడి కొట్టనివ్వరు, ఈ కొలత బండ ఒక్కటే సుమారు 40 కిలోలు తూగుతుంది. ఇనుప స్టాండు మీద వేయించాలనుకుంటే కాళ్లకు అడ్డపట్టీలు తప్పనిసరి, లేకపోతే పిల్లలు ఆనుకున్నప్పుడు ఊగుతుంది. కొత్తపట్నం వైపు ఉప్పుగాలి తగిలే ఇళ్లలో స్టాండుకు తుప్పు పట్టకుండా రెడాక్సైడు పూసిన తరువాతే రంగు వేయించాలి.