46 ముక్కల పానాల డబ్బా: ఆరేళ్లు వాడాక

నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా. మూత బందు ఎప్పుడో ఊడిపోయింది, పాత సైకిల్ ట్యూబు ముక్కతో కట్టి ఉంచాను. లోపల 46 ముక్కలకు 39 మిగిలాయి. 2019లో బరంపురంలో 620 రూపాయలు పెట్టి కొన్నాను. కంపెనీ పేరు రాయను. ఇలాంటివి పది పేర్లతో దొరుకుతాయి, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. పైగా కింద చెప్పబోయే తప్పుల్లో సగానికి పైగా నావే.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. వారానికి మూడు రోజులు స్ప్లెండర్ మీద కాశీనగర్ వైపో, ఘాటీ ఎక్కి ఆర్.ఉదయగిరి వైపో ఆర్డర్లకు తిరుగుతాను. 2020 లాక్‌డౌన్‌లో మెకానిక్ షాపులన్నీ మూసి ఉండగా క్లచ్ కేబుల్ తెగింది. ఈ డబ్బాకు పని పడింది అప్పుడే. గంటన్నర కుస్తీ పట్టి కేబుల్ మార్చాను, బండి కదిలింది. ఆ రోజు ఒళ్లంతా గర్వం. తర్వాత పోగొట్టుకున్న డబ్బుకు విత్తనం అదే.

ముందు సాకెట్ల సంగతి, అంటే బోల్టు తల మీద తొడిగే గొట్టం ముక్కలు. 4 నుంచి 14 ఎంఎం దాకా ఉంటాయి, వాటిని తిప్పే పిడి రాట్చెట్, సాకెట్ తగిలించే దాని చదరం పావు అంగుళం. నిజంగా వాడేవి 8, 10, 12, 14, అంతే. వీటి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. లోపల ఆరు మూలలే ఉండటం వల్ల బోల్టు తలను పక్కల నుంచి గట్టిగా పట్టుకుంటాయి. దీనికి ముందు మా ఇంట్లో పన్నెండు మూలల రింగ్ పానా ఉండేది. తుప్పు పట్టిన బోల్టు మీద వేస్తే మూలలన్నీ అరగదీసి తలను గోళీకాయ చేసేది. ఆరేళ్లలో ఈ సాకెట్ ఒక్కటీ చీలలేదు. పోయిన వాటిలో రెండు 10 ఎంఎంవి (ఒకటి విడిగా కొన్నది), రెండూ ఇంటి ముందు కాలవలోనే ఉన్నాయి.

ప్లస్ బిట్లు మాత్రం దండగ. కార్బురేటర్ కింది గిన్నె స్క్రూలు విప్పబోతే మొదటి బిట్ కొస విరిగింది, రెండోది స్క్రూ తలలోని గాడిని తినేసింది. బిట్ మెత్తదని అప్పుడు తిట్టుకున్నాను. అసలు కథ తర్వాత తెలిసింది. జపాన్ డిజైన్ బళ్లలో వచ్చే ప్లస్ స్క్రూలు చాలావరకు జేఐఎస్ రకం, అంటే జపాన్ వాళ్ల ప్రమాణం. మనకు మామూలుగా దొరికేది ఫిలిప్స్ రకం. చూపుకి రెండూ ఒకటే. కానీ ఫిలిప్స్ కొస జేఐఎస్ గాడిలో అడుగుదాకా కూర్చోదు, బలం పెట్టగానే పైకి జారి గాడిని కొరుకుతుంది. జేఐఎస్ స్క్రూ తల మీద చాలాసార్లు చిన్న చుక్క ఉంటుంది, చూసుకోండి. ఆ రకం స్క్రూడ్రైవర్ ఒకటి కొన్నాక మళ్లీ ఒక్క తల కూడా చెడలేదు.

ఇక అసలు దెబ్బ. 2022 వానాకాలంలో క్లచ్ ప్లేట్లు నేనే మారుద్దామని కుడివైపు కవర్ విప్పాను. ప్లేట్లు సుబ్బరంగా పడ్డాయి. ఆయిల్ కారకుండా కవర్ కింద వేసే పల్చటి పొర, అదే ప్యాకింగ్, పాతది ముక్కలుగా అతుక్కుపోయి ఉంటే స్క్రూడ్రైవర్‌తో గీకాను. అల్యూమినియం మీద ఇనుము గీకితే ఏమవుతుంది? వెంట్రుకంత గీత పడింది. కొత్త ప్యాకింగ్ వేసి బిగించాను. మర్నాడు పొద్దున చూస్తే కవర్ కింద రూపాయి బిళ్లంత ఆయిల్ మరక. అక్కడ ఆగి మళ్లీ విప్పి, ఆ గీత సరిచేసుకోవాల్సింది. ఆగితే ఈ సమీక్ష ఇక్కడితో అయిపోయేది. నేను ఆ కింది బోల్టులకు ఇంకో అర చుట్టు ఇచ్చాను. ఇంట్లోంచి కేక, "ఏవండీ, మళ్లీ డబ్బా తీసేరా?" సమాధానం చెప్పేలోపు చేతిలో రాట్చెట్ తేలికైపోయింది. బోల్టు తెగినప్పుడు చప్పుడేమీ రాదు, పంటి కింద సగ్గుబియ్యం నలిగినట్టుంటుంది. ఇది తెగింది కదా, పక్కదైనా గట్టిగా పట్టాలి అని దాన్నీ బిగించాను. అదీ తెగింది.

ఆ కవర్ బోల్టుల తల 8 ఎంఎం, మర 6 ఎంఎం. అల్యూమినియంలోకి దిగే 6 ఎంఎం బోల్టుకు 10 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) దగ్గర బిగింపు చాలు. ఈ డబ్బాలోని రాట్చెట్ పిడి 15 సెంటీమీటర్లు. దాని చివర పట్టుకుని 10 కిలోల బలం వేస్తే దాదాపు 15 న్యూటన్ మీటర్లు అవుతుంది. పది కిలోలంటే పెద్ద బలమేం కాదు, నీళ్ల బిందె ఎత్తినంత కూడా లేదు. అందుకే ఇప్పుడు చిన్న బోల్టులకు పిడి చివర పట్టను, రాట్చెట్ తలనే పిడికిట్లో పట్టుకుని తిప్పుతాను.

మొదటి మొండెం కవర్ తీశాక కొంచెం పైకి ఉంది. కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఉంచి, గ్రిప్ ప్లయర్‌తో పట్టి మెల్లగా అటూ ఇటూ ఆడిస్తే వచ్చేసింది. రెండోది అంచుకు సమంగా తెగింది. డ్రిల్ పెట్టాను. బోల్టు ఉక్కు, చుట్టూ ఉన్నది మెత్తటి అల్యూమినియం. డ్రిల్ బిట్ ఎటు మెత్తగా ఉంటే అటే నడుస్తుంది. రంధ్రం పక్కకు పోయింది.

బండిని లగేజీ ఆటోలో పడేసి ఆంధ్రాలోని పాతపట్నం లేత్ షాపుకి తీసుకెళ్లాను. అంత చిన్న బోల్టు కోసం ఒక రాష్ట్రం దాటాను! బండి మీద ఒడిశా నంబరు ఓడీ 20 చూసి అక్కడి పెద్దాయన ఒడియాలో మొదలెట్టాడు, నేను తెలుగులో అందుకున్నాను. రంధ్రం కేసి చూసి, చుట్ట పక్కన పెట్టి, "ఏటి బాబూ, నీ బలమంతా ఈ బోల్టు మీదే చూపించాలేటి?" అన్నాడు. మిగిలిన ముక్కంతా తొలిచి, రంధ్రం పెద్దది చేసి, మర తీసి, లోపల స్ప్రింగులాంటి హెలికాయిల్ దింపాడు. దాని లోపలి మర మళ్లీ 6 ఎంఎం. 350 రూపాయలు, ఆటోకి 400. నిజం చెప్పాలంటే ఆ కవర్ మరలన్నిటిలో ఇప్పుడు అదే గట్టిది, ఉక్కు కదా. ప్యాకింగ్ గీకడానికి ఏం వాడాలని అడిగితే గోడకు వేలాడుతున్న వెదురు బద్ద చూపించాడు.

రాట్చెట్ చావు 2023లో. ఇంజన్ మౌంటింగ్ దగ్గర 14 నట్టు కదలకపోతే పిడికి రెండడుగుల ఇనప పైపు తొడిగాను. కిర్రుమని పళ్లు జారాయి, నా పిడికిలి ఫుట్‌రెస్టుకి తగిలి రెండు కణుపుల దగ్గర తోలు లేచిపోయింది. విప్పి చూస్తే లోపల చిన్న నాలుక, బియ్యపు గింజంత స్ప్రింగు. పావు అంగుళం రాట్చెట్‌కి పైపు తొడగడం మేకపిల్ల చేత నాగలి లాగించడమే. అలాంటి నట్టుకు అర అంగుళం పిడి ఉండాలి. ఇంకో రాట్చెట్ 180కి కొన్నాను, పాత సాకెట్లు దానికి సరిగ్గా పడుతున్నాయి.

ఇంకో చిన్న ముచ్చట, దీనికీ డబ్బాకూ సంబంధం లేదు. మా బావమరిది యమహా కుడి అద్దం విప్పుతానని పంతం పట్టి, మామూలుగా ఎడమకు తిప్పీ తిప్పీ అద్దం కాడ బిగుసుకుని విరిగేదాకా వదల్లేదు. చాలా యమహా బళ్లకు కుడి అద్దం మర రివర్స్. కుడికి తిప్పితే వస్తుంది. వాడు ఆ మాట ఇప్పటికీ ఒప్పుకోడు, బోల్టుదే తప్పంటాడు.

కొనొచ్చా అంటే, కేబుళ్లు, బ్యాటరీ, ఎయిర్ ఫిల్టర్, సైడు కవర్ల వరకు కళ్లు మూసుకుని కొనండి. స్ప్లెండర్ ప్లగ్గుకి ఇందులో సాకెట్ లేదు, బండితో వచ్చే ప్లగ్ పానా పారేయకండి. ప్లగ్గు మాత్రం ముందు చేత్తో నాలుగైదు చుట్లు తిరిగాకే పానా పెట్టండి, అడ్డంగా ఎక్కితే హెడ్‌లో మర పోతుంది. ఇంజన్ లోపలికి దిగేవాళ్లు ఈ 620తో పాటు బిగింపు కొలిచి చూపే టార్క్ రెంచికి కూడా డబ్బు పక్కన పెట్టుకోండి. నాకు అది పోయిన ఏడాదే వచ్చింది. దాన్ని చూసి ఇంట్లో అడిగిన మొదటి ప్రశ్న, "ఇది పెడితే ఆటో ఖర్చు ఉండదా?"